గోడమీది మూడవ రంధ్రం

కాజీపేట నుండి విజయవాడకు పోయే రైలుమార్గం మీద, నెక్కొండకూ మహబూబాబాదుకూ నడుమ కేసముద్రం స్టేషను ఉన్నది. పూర్వం వరంగల్లు జిల్లాలోనిది. 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరిన మండల కేంద్రం. మిరప, పసుపు, మక్కజొన్న, వడ్లు అమ్ముకొనడానికి చుట్టుపట్ల రైతులు వచ్చే మార్కెట్టు గల ఊరు. ఈ ఊళ్ళో ఏ ఇంటికి పోయినా, మన ప్రాంతంలోని మరే ఊళ్ళోనైనా అంతే, గోడమీది స్విచ్చిబోర్డులో ఒక సాకెట్టు కనబడుతుంది. దానికి మూడు రంధ్రాలు. కింద రెండు సమానమైనవి. పైన ఒకటి, కొంచెం పెద్దది.

కింది రెండింటి సంగతి అందరికీ తెలుసు. ఒకదానిలో ఫేజు, రెండవదానిలో న్యూట్రల్. సెల్‌ఫోను చార్జరు ఈ రెండింటితోనే పని జరుపుకొంటుంది; రెండు కాళ్ళ ప్లగ్గు గల టేబుల్ ఫ్యానుదీ అదే దారి. పైదానితో మనకు పనిలేదన్నట్లు చాలా ఇళ్ళలో వ్యవహారం సాగిపోతుంది. ప్లగ్గు చేతికందకపోతే తీగల కొసలు వలిచి కింది రెండు రంధ్రాలలో దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలతో బిగించడం ఎరగని ఊరు లేదు. అగ్గిపుల్లలు కూడా రెండే. మూడవ రంధ్రానికి అగ్గిపుల్ల పెట్టిన వారిని ఎవరూ చూచి ఉండరు.

అయినా ఈ మూడవ రంధ్రం కోసమే ప్రపంచంలోని ఇంజనీర్లు అనేక సంవత్సరాలు తర్జనభర్జన పడినారు. అది ఎక్కడ పుట్టింది, మన గోడలమీదికి ఎట్లా వచ్చింది, దాని వెనుక గోడలో ఏమి ఉండవలసింది, ఏమి లేకుండా పోతున్నది అన్నది తెలిసికొనదగిన చరిత్ర.

విద్యుద్దీపం ఇళ్ళలోకి వచ్చిన తొలి రోజులలో సాకెట్టు అనేదే లేదు. 1880, 1890 ప్రాంతాల కంపెనీలు జనానికి అమ్మినది నిజానికి వెలుతురు. ఇంట్లో ఎన్ని దీపాలు అన్నదే లెక్క. తరువాత ఇస్త్రీపెట్టె వచ్చింది, ఫ్యాను వచ్చింది, నీళ్ళు కాచే కెటిలు వచ్చింది. వీటిని తగిలించడానికి ఇంట్లో ఉన్న దారి ఒక్కటే: దీపం ఊడదీసి, ఆ హోల్డరులోనే ఇస్త్రీపెట్టె తీగను మరలాగా తిప్పి బిగించాలి. బిగించినప్పుడల్లా తీగ మెలికలు పడుతుంది. అమెరికాలో బ్రిడ్జిపోర్టు పట్టణానికి చెందిన హార్వే హబ్బెల్ 1904లో పేటెంటు పొందిన ప్లగ్గు ఈ తిప్పలు తగ్గించింది. అందులో ఒక భాగం హోల్డరులోనే ఉండిపోతుంది. రెండవ భాగం లాగితే ఊడి వస్తుంది. దీపం హోల్డరు నుండి కరెంటు తీసుకొనే ఆ పాత అలవాటు మన దేశంలో పూర్తిగా పోలేదు. పందిళ్ళలో, తాత్కాలికపు కొట్లలో నేటికీ చూడవచ్చు.

ఎవరి కంపెనీ వారిది, ఎవరి ప్లగ్గు వారిది. ఆ కాలంలో వోల్టేజి కూడా ఊరికొక తీరు. 1917 నాటి లండను నగరం ఒక్కదానిలో 70 సంస్థలు విద్యుత్తు సరఫరా చేసేవి. వాటిలో 24 రకాల వోల్టేజీలు, 10 రకాల ఫ్రీక్వెన్సీలు ఉండేవి. ఒక వీధిలో కొన్న ఇస్త్రీపెట్టె పక్క వీధిలో పనిచేయదు. ప్రపంచ దేశాల ప్లగ్గులు ఒకదానితో ఒకటి కలియకపోవడం చూచి ఆశ్చర్యపడేవారు ఈ మొదటి దశను గుర్తుంచుకోవాలి. ముందు గందరగోళం ఉన్నది. ప్రమాణాలు ఆ తరువాత వచ్చినవి. ప్రతి దేశమూ తన గందరగోళాన్ని తానే సర్దుకొన్నది.

ఇక మూడవ కాలు. దీపానికి అది అక్కరలేదు, ఎందుకంటే వెలిగే దీపాన్ని ఎవరూ చేతితో పట్టుకోరు. ఇస్త్రీపెట్టె అట్లా కాదు. దాని ఒళ్ళంతా ఇనుము. లోపల వేడెక్కే తీగకూ ఈ ఇనుముకూ నడుమ అభ్రకపు రేకు వంటి విద్యుద్బంధకం ఉంటుంది. ఆ రేకు పగిలినా, లోపలి తీగ జారినా, ఫేజు తీగ పోయి ఇనుప ఒంటిని తాకుతుంది. ఇస్త్రీపెట్టె ఏ తేడా లేకుండా వేడెక్కుతూనే ఉంటుంది. చూడడానికి ఏ మార్పూ కనబడదు. కాని దాన్ని ముట్టిన మనిషి ఫేజు తీగను ముట్టినట్లే. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్‌ను భూమిలోకి కలిపి ఉంచుతారు కాబట్టి, నేలమీద నిలబడిన మనిషి దేహం గుండా ప్రవాహం భూమిలోకి దిగి, ట్రాన్స్‌ఫార్మరుకు తిరిగి చేరుతుంది. ఈ ప్రవాహానికి మనిషికంటె సులభమైన మరొక దారి చూపించడమే మూడవ కాలు పని. పరికరపు ఇనుప ఒంటిని అది ఒక తీగ ద్వారా నేరుగా భూమితో కలుపుతుంది. దీనినే ఎర్తు అంటున్నాము.

బ్రిటనులో ఈ మూడు కాళ్ళ అమరికను ఒక కొలతకు తెచ్చిన ప్రమాణం 1934 నాటి బ్రిటిష్ స్టాండర్డ్ 546. అందులో 2, 5, 15, 30 ఆంపియర్లకు నాలుగు పరిమాణాలు ఉన్నవి. మన గోడమీది చిన్న సాకెట్టు ఆ 5 ఆంపియర్ల రకానికి వారసుడు. గీజరుకూ, ఏసీకీ పెట్టే పెద్ద సాకెట్టు 15 ఆంపియర్ల రకానికి వారసుడు. చిన్నదాని కింది రెండు కాళ్ళ నడిమి దూరం 19.05 మిల్లీమీటర్లు. ఈ విచిత్రమైన అంకె ఎక్కడిదని సందేహం కలగవచ్చు. అది సరిగా ముప్పాతిక అంగుళం. పెద్దదానిలో దూరం 25.4 మిల్లీమీటర్లు, అనగా ఒక అంగుళం. మన దేశం అంగుళాలను విడిచి మీటర్లకు మారి ఎంతో కాలమైనా, గోడలలో మాత్రం అంగుళాలు పదిలంగా ఉన్నవి.

ఎర్తు కాలు మిగిలిన రెండింటికంటె పొడుగు. ప్లగ్గు పెట్టేటప్పుడు అది అన్నిటికంటె ముందు తగలాలి. తీసేటప్పుడు అన్నిటికంటె చివర విడివడాలి. రక్షణ ముందు వచ్చి, ప్రవాహం తరువాత రావాలన్న ఆలోచన అందులో ఉన్నది. లావుగా ఉండడానికి కారణం వేరు. లావైతే నిరోధం తక్కువ, అందువల్లనే లావుగా చేసినారని పిల్లలకు చెప్పే మాట ఒకటి వ్యాప్తిలో ఉన్నది, అది సరికాదు. ఒక అంగుళమైనా లేని ఇత్తడి కడ్డీ నిరోధం ఎట్లా చూచినా లెక్కలోనికి రానంత తక్కువ. లావు చేసినది అది పొరపాటున ఫేజు రంధ్రంలో దూరకుండా ఉండడానికి. 5 ఆంపియర్ల ప్లగ్గులో కింది కాళ్ళ వ్యాసం 5.08 మిల్లీమీటర్లు, ఎర్తు కాలిది 7.06 మిల్లీమీటర్లు. ఎంత తొందరలో ఉన్నా, ఎంత చీకటిలో ఉన్నా, లావు కాలు సన్న రంధ్రంలో పట్టదు. ఇటువంటి చోట లెక్కలకంటె వడ్రంగి బుద్ధి ఎక్కువ పనిచేసింది.

ఈ ప్రమాణం బ్రిటిష్ పాలనతోపాటు మన దేశానికి వచ్చింది. 1910 నాటి విద్యుచ్ఛక్తి చట్టమూ, దానిక్రింద వచ్చిన నిబంధనలూ, కంపెనీలు తెప్పించిన సామగ్రీ అన్నీ ఆ దారినే నడిచినవి. తెలుగు ప్రాంతాలలో విద్యుత్తు మొదట పట్టణాల సొత్తు. హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం 1920 ప్రాంతంలో ఏర్పడింది. సింగరేణి బొగ్గు డోర్నకల్లు నుండి సికిందరాబాదు వైపు పోయినప్పుడు కేసముద్రం స్టేషను మీదుగానే పోయేది. బొగ్గు బండ్లు గడగడలాడుతూ పోయిన ఆ దారి పక్క పల్లెలలో దీపం మాత్రం కిరసనాయిలుదే. ఇట్లా దశాబ్దాలు గడిచినవి.

స్వాతంత్ర్యానంతరం పని వేగం పుంజుకొన్నది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రం నడవసాగింది. 1956లో భారత విద్యుచ్ఛక్తి నిబంధనలు కొత్తగా వెలువడినవి. 1958లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ ప్లగ్గులకూ సాకెట్లకూ ఐ.ఎస్. 1293 అనే భారతీయ ప్రమాణాన్ని ప్రకటించింది; ఆకారంలో అది 1934 నాటి బ్రిటిష్ ప్రమాణానికి తోబుట్టువే. తరువాతి కూర్పులలో 5, 15 ఆంపియర్లు 6, 16 ఆంపియర్లు అయినవి గాని రంధ్రాలు స్థలం మారలేదు. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడింది. 1969లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థ ప్రోత్సాహంతో దేశంలో మొదట ఏర్పడిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో ఒకటి కరీంనగరం జిల్లా సిరిసిల్లలో 1970లో వెలసింది. విద్యుచ్ఛక్తి మండలి 1999లో విడిపోయిన తరువాత, కేసముద్రం ప్రాంతపు పంపిణీ వరంగల్లు కేంద్రంగా గల ఉత్తర మండల పంపిణీ సంస్థ చేతికి వచ్చింది.

పల్లెలలో మొదట వచ్చినది బావిమీది మోటారుకు, ఆపైన ఇంటికి ఒకటి రెండు దీపాలకు. దీపానికి ఎర్తు అక్కరలేదు కాబట్టి ఇంటి వైరింగులో రెండే తీగలు లాగినారు. సాకెట్టు తరువాత వచ్చింది. టీవీ, ఇస్త్రీపెట్టె, మిక్సీ, కూలరు ఇంకా తరువాత వచ్చినవి. అంగట్లో దొరికే సాకెట్టుకు మూడు రంధ్రాలు ఉంటవి కాబట్టి గోడమీద మూడు రంధ్రాలు వెలసినవి. గోడ లోపల తీగలు మాత్రం రెండే ఉండిపోయినవి. మన మూడవ రంధ్రపు విషాదమంతా ఈ వాక్యంలో ఉన్నది.

మనకు ఈ ఆకారం ఇచ్చిన బ్రిటనే దాన్ని విడిచిపెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలిన ఇళ్ళను తిరిగి కట్టవలసి ఉండగా, కొత్త ఇళ్ళ వైరింగు ఎట్లా ఉండాలో నిర్ణయించడానికి 1942లో ఒక సంఘం ఏర్పడింది. అందులో ఏకైక మహిళ కారొలీన్ హాస్లెట్. ఇంటిపనిలో విద్యుత్తును వాడుకొనడం స్త్రీలకు నేర్పించే సంఘానికి ఆమె డైరెక్టరు. వంటింట్లో పాకే పిల్లవాడి వేలు సాకెట్టు రంధ్రంలోకి పోకూడదన్న విషయాన్ని ఆమె గట్టిగా పట్టుకొన్నది. 1947లో వెలువడిన బ్రిటిష్ స్టాండర్డ్ 1363లో ఆ పట్టుదల ఫలితం ఉన్నది: సాకెట్టు లోపల చిన్న తలుపులు. సాధారణంగా పొడుగైన ఎర్తు కాలు ముందు లోనికి పోయి ఆ తలుపులు తెరుస్తుంది; అంతవరకు ఫేజు రంధ్రం మూసే ఉంటుంది. అంతకుముందు ఎర్తు కాలు తన పని తాను చేసికొనేది. ఇప్పుడు అది ద్వారపాలకుడు కూడా అయింది. రాగి కరువుగా ఉన్న ఆ రోజులలో తీగ ఆదా కావడానికి ఇల్లంతా ఒకే వలయంగా వైరింగు చేసి, ఫ్యూజును ఒక్కొక్క ప్లగ్గు లోపలనే పెట్టినారు. కాళ్ళు గుండ్రం మాని పలకలుగా మారినవి. పాతవాటిలో ఇవి దూరవు, వీటిలో పాతవి దూరవు. అది కావాలనే చేసినది.

అదే సంవత్సరం మన దేశం స్వతంత్రమైంది. అప్పటికే ఉన్న గుండ్రని కాళ్ళనే మనం ఉంచుకొన్నాము. దక్షిణాఫ్రికా కూడా ఆ దారినే పోయింది. అక్కడి ఇళ్ళలో 15 ఆంపియర్ల పెద్ద రకం వాడుకలో స్థిరపడింది. జర్మనీ వారు 1926లో పేటెంటు అయిన ఆల్బర్ట్ బ్యూట్నర్ పద్ధతి ప్రకారం, మూడవ కాలు లేకుండా ప్లగ్గు పక్కలనే ఎర్తు తగిలే ఏర్పాటు చేసికొన్నారు. అన్ని దేశాలకూ ఒకే ప్లగ్గు ఉండాలని అంతర్జాతీయ సంస్థ 1986లో ఒక నమూనా ప్రకటించింది. దాన్ని నిజంగా గోడలమీదికి తెచ్చిన దేశాలు బ్రెజిల్, దక్షిణాఫ్రికా. కోట్లాది గోడలు పగులగొట్టవలసి వచ్చే సంస్కరణకు ఎవరు సిద్ధపడతారు? మన పాత ఆకారాన్ని ఉంచుకొన్నందుకు మనలను మనం నిందించుకోనక్కరలేదు. 1934 నాటి ఆ గుండ్రని కాళ్ళ ప్లగ్గులో ఎర్తు విషయమై ఏ లోపమూ లేదు. లోపమంతా దాని వెనుక ఉన్నది.

ఈ తేడాలు ఇంటిలోకి వచ్చే దారులు కొన్ని ఉన్నవి. అమెరికాలో ఇళ్ళకు వచ్చేది 120 వోల్టులు, 60 సైకిళ్ళు. మనకు 230 వోల్టులు, 50 సైకిళ్ళు. అమెరికాకు పోయే తెలుగు ఇల్లాలు పెట్టెలో మిక్సీ పెట్టుకొనిపోతే అక్కడ అది పచ్చడి నూరలేక మూలుగుతుంది. అక్కడినుండి తెచ్చిన జుట్టు ఆరబెట్టే యంత్రం ఇక్కడ తగిలిస్తే, దానిలోని తీగ తాను తట్టుకోగల వేడికి మూడున్నర రెట్లు మించి వేడెక్కి కాలిపోతుంది. వోల్టేజి దాదాపు రెట్టింపైతే వేడి దాదాపు నాలుగు రెట్లు కావడం ఇందులోని సూత్రం. అంగట్లో దొరికే అడాప్టరు కాళ్ళ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని ముట్టుకోదు. ఈ ఒక్క సంగతి తెలియక కాలిన పరికరాలకు లెక్కలేదు.

గల్ఫు నుండి వచ్చే సామాను సంగతి ఇంతకంటె ఆలోచించదగినది. దుబాయి, కువైటు, ఖతారులలో వాడేది బ్రిటిష్ పలక కాళ్ళ ప్లగ్గు. వోల్టేజి మాత్రం మనకు దగ్గరే. తెలంగాణ పల్లెలకు అక్కడినుండి ఇస్త్రీపెట్టెలు, కెటిళ్ళు, రైస్ కుక్కర్లు వచ్చినవి. ప్లగ్గు మన సాకెట్టులో పట్టదు. అప్పుడు జరిగేది ఒకటే: పలక ప్లగ్గును కోసివేసి, దగ్గరున్న రెండు కాళ్ళ ప్లగ్గు తగిలించడం. తీగలు మూడు, కాళ్ళు రెండు. మిగిలిపోయిన ఆకుపచ్చ-పసుపు చారల తీగను మొదట్లోనే కత్తిరించి పారవేస్తారు. ఏది ప్రాణం కాపాడే తీగయో దానినే పనికిరానిదని తీసివేయడం ఇది. ప్లగ్గు లోపలి ఫ్యూజు కూడా దానితోపాటే పోతుంది. రంగుల చిక్కు మరొకటి ఉన్నది. మన ఇంటి వైరింగులో నీలిరంగు మూడవ ఫేజుకు గుర్తు. పరికరాలతో వచ్చే తీగలలో నీలిరంగు న్యూట్రల్‌కు గుర్తు. రంగును నమ్మి తగిలించేవాడు ఏ లెక్క ప్రకారం నమ్ముతున్నాడో ముందు తెలిసికోవాలి.

ఇప్పుడు సాకెట్టు వెనుకకు పోదాము. మూడవ రంధ్రం నుండి ఒక తీగ బయలుదేరి ఇంటి బయట ఎర్తుగుంటలో దిగాలి. రెండున్నర మీటర్ల పొడవు గల ఇనుపగొట్టం నిలువునా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, నీళ్ళు పోయడానికి పైన మూతి ఉంచడం మన ప్రాంతపు ఏర్పాటు. బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది. ఉప్పు ఆ తేమను విద్యుద్వాహకంగా చేస్తుంది. ఇక్కడ ప్లగ్గు చరిత్ర ముగిసి నేల స్వభావం మొదలవుతుంది.

వరంగల్లు ప్రాంతంలో చలకనేలలు విస్తారం. రాతిపొడి, ఇసుక పాలు ఎక్కువగా గల ఎర్రనేల. వాన పడితే పీల్చుకొంటుంది, ఎండ కాస్తే త్వరగా వదిలేస్తుంది. రేగడి వలె తేమను పట్టుకొని కూర్చోదు. ఇటువంటి నేలలో ఎర్తుగుంట నిరోధం కాలాన్నిబట్టి మారుతుంది. ఒక లెక్క వేసి చూడవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు నిరోధం 5 ఓములు అనుకొందాము. వానకాలంలో ఇంటి గుంట నిరోధం కూడా 5 ఓములే అయితే మొత్తం 10 ఓములు. కూలరు ఇనుప ఒంటికి ఫేజు తాకినప్పుడు 230 వోల్టులను 10తో భాగిస్తే 23 ఆంపియర్ల ప్రవాహం వస్తుంది. 5 ఆంపియర్ల ఫ్యూజు తీగ తక్షణం కరిగిపోతుంది. కూలరు ఆగిపోతుంది, మనిషి క్షేమం.

అదే గుంటకు ఎండకాలంలో నీళ్ళు పోయలేదు. నిరోధం 40 ఓములకు పెరిగిందనుకొందాము. మొత్తం 45 ఓములు. ప్రవాహం 5.1 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు 5.1 ఆంపియర్లకు కరగదు. అటువంటి తీగ కరగడానికి దాదాపు ఒకటిన్నర, రెండు రెట్లు కావాలి. కాబట్టి కూలరు తిరుగుతూనే ఉంటుంది. దాని ఒంటిమీద 5.1ని 40తో గుణించినంత, అనగా 204 వోల్టులు నిలిచి ఉంటవి. ఎర్తు తీగ ఉన్నది, గుంట ఉన్నది, సాకెట్టుకు మూడవ రంధ్రం ఉన్నది. రక్షణ మాత్రం లేదు. పైగా కూలరు వాడేది ఏ కాలంలో? ఏప్రిలు, మే నెలలలో. నేల అన్నిటికంటె ఎక్కువ ఎండిన రోజులలోనే, నీళ్ళు నిండిన ఇనుపపెట్టె ఇంట్లో తిరుగుతుంది. దానిలో నీళ్ళు పోసేవారు తడి చేతులతో, తడి నేలమీద నిలబడి పోస్తారు. ఫ్యూజు పోయినప్పుడల్లా చిరాకుపడి లావు రాగితీగ చుట్టిన ఇంట్లో వానకాలపు రక్షణ కూడా పోతుంది.

ఎర్తుగుంట లేని ఇంట్లో కొందరు తెలివిగా చేసే పని మరొకటి: సాకెట్టు వెనుక న్యూట్రల్‌ను ఎర్తు రంధ్రానికి చిన్న తీగతో కలిపివేయడం. పరీక్షదీపం వెలుగుతుంది, అంతా బాగున్నట్లే కనబడుతుంది. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున మాత్రం ఇంట్లోని ఇనుప వస్తువులన్నిటికీ ఒకేసారి ఫేజు ఎక్కుతుంది. దీనికి తిరగవేసినది ఇంకొక అలవాటు. న్యూట్రల్ రానప్పుడు పెరట్లో ఒక ఇనుపకడ్డీ పాతి, భూమినే న్యూట్రల్‌గా వాడుకొని దీపాలు వెలిగించడం. అప్పుడు ఆ కడ్డీ చుట్టూ నేలలోనే వోల్టేజి వ్యాపించి ఉంటుంది. ముందు కాళ్ళకూ వెనుక కాళ్ళకూ దూరం ఎక్కువ గల పశువుకు ఆ తేడా మనిషికంటె ఎక్కువగా తగులుతుంది. గొడ్డు ఊరకే పడిపోయిందనుకొంటారు.

కరెంటు ఎంత తగిలితే ప్రమాదమో కొలిచిన వారిలో ముఖ్యుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ఆచార్యుడు చార్లెస్ డాల్జియల్. స్వచ్ఛందంగా వచ్చినవారి చేతులలోకి చిన్న ప్రవాహాలు పంపి, పట్టుకొన్న తీగను ఎంతవరకు వదలగలరో పరిశీలించినాడు. పురుషులకు సగటున 16 మిల్లీఆంపియర్లు, స్త్రీలకు 10.5 మిల్లీఆంపియర్లు హద్దుగా తేలింది. అంతకు మించితే కండరాలు బిగుసుకొనిపోయి చెయ్యి రాదు. కరెంటు పట్టుకొన్నదని మన వారు అనే మాటకు అర్థం ఇదే; పట్టుకొనేది కరెంటు కాదు, మన కండరమే. ఇంకా పెరిగితే గుండె లయ తప్పి వణకసాగుతుంది. తడిసిన దేహం నిరోధం సుమారు 1,000 ఓములుగా తీసికొంటే, ఎండకాలపు కూలరు మీది 204 వోల్టులకు 200 మిల్లీఆంపియర్లు దాటుతుంది. 5 ఆంపియర్లు అంటే 5,000 మిల్లీఆంపియర్లు. ఫ్యూజు కాపాడేది తీగలను, ఇంటిని. మనిషిని కాపాడవలసిన కొలతలో దాన్ని చేయలేదు.

ఈ చిక్కుకు విరుగుడు 1950, 1960లలో దొరికింది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రియాలలోనూ, అమెరికాలో డాల్జియల్ చేతనూ రూపొందిన ఆ పరికరాన్ని మన ఎలక్ట్రీషియన్లు ఆర్.సి.సి.బి. అంటారు. దాని పని మార్కెట్టులో అడ్తి గుమాస్తా పని వంటిది. పొద్దున పోయిన పైకం ఎంత, సాయంత్రం తిరిగి వచ్చిన పైకం ఎంత అని గుమాస్తా సరిచూస్తాడు. ఈ పరికరం ఫేజులో పోయిన ప్రవాహాన్నీ, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన ప్రవాహాన్నీ ఒకే ఇనుపవలయం గుండా పోనిచ్చి క్షణక్షణం సరిచూస్తుంది. రెండూ సమానమైతే వలయంలో అయస్కాంత ప్రభావం సున్న. 30 మిల్లీఆంపియర్లు ఎక్కడో మరొక దారిన, ఒక మనిషి దేహం గుండా కావచ్చు, భూమిలోకి పోయినవంటే లెక్క తప్పుతుంది. సెకనులో చిన్న భాగంలో సరఫరా తెగిపోతుంది. నేల ఎండినదా తడిసినదా అన్న ప్రశ్న దానికి అక్కరలేదు. 40 ఓముల గుంట గల ఇంట్లో 5.1 ఆంపియర్ల ప్రవాహం ఫ్యూజుకు చాలలేదు గాని, ఈ పరికరం మేలుకొనడానికి కావలసినదానికి అది 170 రెట్లు.

ఇది కూడా సర్వరక్షకం కాదు. మీటరు తరువాతి లెక్కనే అది చూడగలదు. స్తంభం నుండి ఇంటికి వచ్చే సర్వీసు తీగను మోయడానికి దానితోపాటు ఒక ఇనుపతీగ లాగుతారు. గాలికి రాపిడి పడి సర్వీసు తీగ తోలు చెడితే ఆ ఇనుపతీగకూ, అది తగిలిన రేకుల కప్పుకూ ఫేజు ఎక్కుతుంది. ఆ రేకులకో, ఆ కొక్కానికో బట్టలు ఆరవేసే దండెపు తీగ కట్టి ఉంటుంది. 2022 జూలైలో కామారెడ్డిలో బట్టలు ఆరవేసే తీగ ద్వారా కరెంటు తగిలి ఒకే కుటుంబంలో నలుగురు మరణించినారు. వానాకాలం, తడి బట్టలు, తడి నేల. ఒకరిని పట్టిలాగబోయి మరొకరు పోవడం ఇటువంటి ప్రమాదాలలో తరచు జరుగుతుంది. సర్వీసు తీగలో దోషం వచ్చినప్పుడు ఇంట్లోని ఏ సాకెట్టూ, ఏ పరికరమూ అడ్డుపడలేదు. దండేనికి ఇనుపతీగ మాని నైలాను తాడు కట్టడమే దానికి ఉన్న ఉపాయం. ఖర్చు కూడా తక్కువ.

1956 నిబంధనలలో 33వది ఈ చరిత్రలో ఎక్కువగా మరుగునపడిన వాక్యం. వినియోగదారుని ఇంట, సరఫరా మొదలయ్యే చోట, తగిన ఎర్తు టెర్మినల్ ఏర్పాటు చేసి దాన్ని సరిగా ఉంచడం సరఫరాదారు బాధ్యత అని అది చెప్పింది. ఇంటివారు మీటరు వచ్చిందా, తీగలు వచ్చినవా అని చూచినారు. మూడవ కొస ఎక్కడ అని అడిగినవారు తక్కువ. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ రక్షణ నిబంధనలు వెలువరించినప్పుడు, లీకేజిని పసికట్టే పరికరం తప్పనిసరి అన్న నియమం అందులో ఉన్నది. కాని 250 వోల్టులకు లోబడి 5 కిలోవాట్ల లోపు వాడుక గల చోట్లకు మినహాయింపు ఇచ్చినారు. ఒక సామాన్యపు ఇంటి లెక్క కూడితే: ఫ్యాన్లు రెండు 150 వాట్లు, దీపాలు 50, టీవీ 100, కూలరు 200, ఫ్రిజ్జు 200, మిక్సీ 500, ఇస్త్రీపెట్టె 1,000. అన్నీ ఒకేసారి వేసినా 2,200 వాట్లు. ఇనుప కూలరు, రెండు తీగల వైరింగు, లోపల ఏమీ లేని మూడవ రంధ్రం గల ఇల్లు ఇదే.